తన్ని అంటే నీళ్ళు

ఈసారి నేను మా ఎరుకల భాష గురించి రాస్తున్నాను.

పోయిన నెల ఒక ఆదివారం మా అవ్వ నన్ను చూసేదానికి హాస్టలుకు వచ్చింది. గేటు కాడ నన్ను చూస్తానే మా భాషలో పలకరించింది. పక్కనున్న పిల్లోళ్ళు నవ్వినారు. నేను సిగ్గుపడి తెలుగులో జవాబు చెప్పినాను. అవ్వ మళ్ళీ ఆ భాషలో ఒక్క మాట కూడా మాట్లాడలేదు. తెచ్చిన బొరుగుల ఉండలు నా చేతిలో పెట్టి, బస్సుకు టైమయిందని పోయింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మా వాళ్ళు తమను తాము 'కుర్రు' అని చెప్పుకుంటారు. భాషకు కూడా అదే పేరు. ఆడవాళ్ళు ఎరుక చెప్తారు కాబట్టి ఎరుకల అనే పేరు వచ్చిందంటారు. మన తిరుపతి జిల్లా నారాయణవనంలో శ్రీనివాసుడే ఎరుకలసాని వేషం వేసుకొని ధరణీదేవికి ఎరుక చెప్పినాడని కథ ఉంది. దేవుడు వేసిన వేషం మాది. మరి మా మాటకు సిగ్గెందుకు?

తెలుగు మాదిరే ఇది కూడా ద్రావిడ భాష. తమిళానికి బాగా దగ్గర. నీళ్ళను 'తన్ని' అంటాము, ఐదును 'అంజు' అంటాము. కానీ ఇందులో తెలుగు మాటలు చాలా కలిసిపోయినాయి. సంతలో తమిళం మాట్లాడే వాళ్ళకు మా అవ్వ మాట సగమే అర్థమవుతాది. కర్ణాటకలో కొరచ వాళ్ళు, తమిళనాడులో కొరవ వాళ్ళు, మహారాష్ట్రలో కైకాడి వాళ్ళు మాకు చుట్టాలు. మా భాషకు సొంత లిపి లేదు.

2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎరుకల వాళ్ళు 5 లక్షలకు పైన ఉన్నారు. ఎరుకల భాష మా మాతృభాష అని రాయించుకున్న వాళ్ళు మాత్రం దేశం మొత్తం మీద 60 వేల లోపే. వాళ్ళను కూడా తమిళం కిందనే చూపించినారు. మా ఇంట్లో అడిగితే, మేమూ తెలుగు అనే రాయించినామని నాయన చెప్పినాడు.

ఎందుకట్ల? బ్రిటిషు వాళ్ళు 1871లో నేరస్థ జాతుల చట్టం తెచ్చినారు. 1911 తర్వాత దాన్ని మద్రాసు రాజధానిలో మా వాళ్ళ మీద కూడా పెట్టినారు. పుట్టిన కులాన్ని బట్టే దొంగలని పేరు రాసినారు. 1952లో ఆ చట్టం పోయింది, భయం పోలేదు. "మన మాట యినబడితే మనమెవరో తెలిసిపోతాది, బయట మాట్లాడొద్దు అని మాయమ్మ చెప్పేది" అంటాది అవ్వ. ముందు బయట మానుకున్నారు, తర్వాత ఇంట్లో కూడా మానుకున్నారు. మా తమ్ముడికి పది మాటలు కూడా రావు.

2004లో మన రాష్ట్రంలో సవర, కోయ, గోండి, బంజారా లాంటి ఎనిమిది గిరిజన భాషల్లో చిన్నపిల్లలకు చదువు మొదలుపెట్టినారు. అందులో మా భాష లేదు.

ఇది మా ఒక్కరి కథ కాదు. తైవాన్ దీవిలో అలీషాన్ కొండల్లో త్సౌ అనే ఆదివాసులున్నారు. వాళ్ళు సుమారు ఆరేడు వేల మందే. వాళ్ళది ఆస్ట్రోనేషియన్ కుటుంబం. అదే కుటుంబం భాషలు హవాయి నుంచి మడగాస్కర్ దాకా ఉన్నాయి. బడుల్లో ముందు జపాను భాష, తర్వాత చైనా భాష పెట్టినందున పిల్లలు ఇంటి మాట మరిచిపోతా వచ్చినారు. 2017లో అక్కడ చట్టం చేసి ఆదివాసీ భాషలన్నీ దేశ భాషలే అన్నారు. ఇప్పుడు బడుల్లో నేర్పిస్తున్నారు.

చట్టం చేసేది మన చేతిలో లేదు. మనం చేయగలిగేది ఒకటుంది. నేను ఒక నోటుబుక్కు పెట్టుకున్నాను. సెలవులకు పోయినప్పుడు అవ్వ బుట్టలల్లుతా చెప్పే మాటలన్నీ అందులో తెలుగు అక్షరాలతో రాస్తాను. సుగాలి అక్కలారా, మీ తండాలో మాటలు మీరూ రాయండి. యానాది చెల్లెళ్ళారా, ఇప్పుడు మీ ఇంట్లో తెలుగే అయినా, చేపల పేర్లు, ఆకుల పేర్లు మీ పెద్దోళ్ళకు తెలిసినన్ని ఇంకెవరికి తెలుసు? అవి రాయండి.

వచ్చే నెల అవ్వ మళ్ళీ వస్తాది. ఈసారి గేటు కాడ మా భాషలోనే మాట్లాడతాను. తన్ని తాగుతావా అని అడుగుతాను. దయచేసి ఎవరూ నవ్వొద్దండి.

— తొమ్మిదో తరగతి విద్యార్థిని