నీలగిరి రోడోడెండ్రాన్

నీలగిరి రోడోడెండ్రాన్ ఎరికేసి కుటుంబానికి చెందిన, ఎర్రని పూగుత్తులు గల పొద లేక చిన్న వృక్షము. దీని శాస్త్రీయ నామము రోడోడెండ్రాన్ ఆర్బోరియమ్ ఉపజాతి నీలగిరికమ్. పశ్చిమ కనుమలలో సుమారు 1,500 మీటర్లకు పైబడిన పచ్చికబయళ్ళలోను, షోలా అడవుల అంచులలోను పెరుగుతుంది. శ్రీకాకుళం జిల్లా సరిహద్దున ఒడిషాలోని మహేంద్రగిరి శిఖరమే దాదాపు అంత ఎత్తు. ఇది ఎంత ఎత్తైన చోటి మొక్కయో దీనినిబట్టి మన విద్యార్థులు గ్రహించవచ్చును.

ఇదే జాతికి చెందిన హిమాలయ వృక్షము నేపాల్ జాతీయ పుష్పాన్నిచ్చేది, ఉత్తరాఖండ్ రాష్ట్ర వృక్షము. నడుమ దాదాపు 2,000 కి.మీ. ఎడము. మంచుయుగములో దక్షిణానికి వ్యాపించిన మొక్కలు, వాతావరణం వేడెక్కగా చల్లని శిఖరాలపైనే మిగిలిపోయాయని ఒక అభిప్రాయము.

దళసరి బెరడు దీనిని గడ్డిమంటల నుండి కాపాడుతుంది. అయితే బ్రిటిషువారి కాలం నుండి నాటిన వాటిల్, యూకలిప్టస్, తేయాకు తోటల వలన ఆ పచ్చికబయళ్ళు చాలావరకు అంతరించాయి.