ఫాగ్ లైట్ల అమరికలో కంపెనీ పద్ధతే శ్రేయస్కరం

శీతాకాలంలో లంబసింగి, పాడేరు, అరకు ప్రాంతాల ఘాట్ రోడ్లపైనా, తెల్లవారుజాము వేళ జాతీయ రహదారులపైనా పొగమంచు కమ్ముకొని వాహనచోదకులకు దారి కానరాని పరిస్థితి తలెత్తడం పరిపాటి. దృశ్యమానత 1,000 మీటర్ల కంటే తగ్గినప్పుడు వాతావరణ శాఖ దానిని పొగమంచుగా పరిగణిస్తుంది. అది 200 మీటర్ల లోపునకు పడిపోతే దట్టమైన పొగమంచుగా, 50 మీటర్ల లోపయితే అతి దట్టమైనదిగా పేర్కొంటుంది. ఇటువంటి ప్రాంతాలలో తిరిగే కార్ల యజమానులు పలువురు, కొన్ననాడు లేని ఫాగ్ లైట్లను తరువాత అమర్చుకుంటున్నారు. ఈ పని సక్రమంగా జరిగితే ప్రయాణానికి రక్షణ. అడ్డదిడ్డంగా జరిగితే ఎదురు వచ్చే వాహనానికీ, ఒక్కొక్కప్పుడు సొంత కారుకే ప్రమాదం.

ఒకే మోడల్ కారు ధరను బట్టి మూడు నాలుగు రకాలుగా విక్రయించబడుతుంది. పై రకాలలో ఫాగ్ లైట్లు ఉండే చోట, కింది రకాలలో బంపరుకు రెండు వైపులా నల్లటి ప్లాస్టిక్ మూతలు ఉండటం సాధారణం. దీపం కూర్చోవలసిన గూడు, మరలు బిగించే రంధ్రాలు ఆ మూతల వెనుక ముందుగానే ఉంటాయి. కొన్ని మోడళ్లలో వైరు, కనెక్టరు సైతం అక్కడి వరకు వచ్చి ఖాళీగా ఉంటాయి. వాహనచోదకులు కంపెనీ ఫిట్టింగ్ అని వ్యవహరించేది, ఉత్పత్తిదారు నిర్దేశించిన ఈ స్థానంలో, అదే మోడల్‌కు తయారైన దీపాన్ని, అదే మాదిరి స్విచ్చితో అమర్చడాన్నే.

ఫాగ్ లైటు దూరాన్ని చూపే దీపం కాదన్న విషయం ఇక్కడ ముఖ్యంగా గమనించవలసి ఉంది. పొగమంచులో హై బీమ్ వేస్తే వెలుగు నీటి బిందువులను తాకి చెదరి, తెల్లటి తెరవలె డ్రైవరు కళ్లకే తిరిగి వస్తుంది. ఫాగ్ లైటు వెలుగు పైభాగం గీత గీసినట్లు కత్తిరించబడి, అడ్డంగా విశాలంగా, నేలకు దగ్గరగా పరచుకుంటుంది. రోడ్డు అంచు, మధ్యగీత, పక్కనున్న గుంత కనబడటమే దాని ప్రయోజనం. పసుపు కాంతి మంచును చీల్చుకుపోతుందన్న నమ్మకం జనంలో బలంగా ఉన్నా, మంచు బిందువుల పరిమాణం కాంతి తరంగదైర్ఘ్యం కంటే చాలా ఎక్కువైనందున రంగును బట్టి చొచ్చుకుపోవడంలో చెప్పుకోదగిన తేడా ఉండదు. నిబంధనలు తెలుపు, పసుపు రెండింటినీ అనుమతిస్తున్నాయి.

దీపం ఎత్తు కూడా ఇందుకే కీలకం. ఐక్యరాజ్యసమితి 48వ వాహన నిబంధన ప్రకారం కార్లలో ముందు ఫాగ్ లైట్లు నేల నుంచి 250 మిల్లీమీటర్లకు తగ్గకుండా, 800 మిల్లీమీటర్లకు మించకుండా ఉండాలి. డిమ్ లైటు కంటే పైకి పోరాదు. వాహనపు వెలుపలి అంచు నుంచి 400 మిల్లీమీటర్లకు మించి లోపలికి జరగరాదు. బంపరులోని గూడు ఈ కొలతలను దృష్టిలో ఉంచుకొనే రూపొందుతుంది. గ్రిల్లుపైనో, బానెట్ అంచుపైనో బిగించిన దీపం ఎంత ఖరీదైనదైనా ఫాగ్ లైటు చేయవలసిన పని చేయజాలదు.

అసలు చిక్కంతా వైరింగ్‌లో ఉంది. 55 వాట్ల హాలోజన్ బల్బులు రెండు కలిసి 12 వోల్టుల వద్ద సుమారు 9 ఆంపియర్ల విద్యుత్తును తీసుకుంటాయి. హెడ్‌లైట్ వైరును గీకి, అతుకు వేసి, నల్ల టేపు చుట్టి వదిలివేస్తే ఈ అదనపు భారమంతా ఆ వైరుపైనా, స్టీరింగ్ పక్కనున్న స్విచ్చిపైనా పడుతుంది. అతుకు వేడెక్కడం, టేపు కరగడం, చివరకు మంటలు రేగడం ఇందులో పొంచి ఉన్న ముప్పు. కంపెనీ పద్ధతిలో బ్యాటరీ నుంచి వేరుగా తీసుకున్న వైరు, బ్యాటరీకి సాధ్యమైనంత సమీపంలో 15 ఆంపియర్ల ఫ్యూజ్, ఆపై రిలే గుండా దీపాలకు చేరుతుంది. స్విచ్చి గుండా ప్రవహించేది రిలేను కదిలించేటంత స్వల్ప విద్యుత్తు మాత్రమే. పార్కింగ్ లైట్లు వెలిగినప్పుడే ఫాగ్ లైట్లు వెలగాలి. అవి వెలుగుతున్నట్లు డ్యాష్‌బోర్డుపై ఆకుపచ్చ గుర్తు కనబడాలి. కొత్త తరం కార్లలో దీపాలను కంప్యూటర్ యూనిట్ నియంత్రిస్తున్నందున, వైరు కలిపినంత మాత్రాన చాలదు. అధీకృత సర్వీసు కేంద్రంలో ఆ యూనిట్‌లో మార్పు చేయించవలసి రావచ్చు. వైరు కోసిన చోట వారంటీ నిరాకరణకూ అవకాశం ఉంది.

బల్బుల విషయంలో మరొక పొరపాటు తరచుగా జరుగుతోంది. హాలోజన్ బల్బు కోసం రూపొందిన దీపంలో ఎల్‌ఈడీ బల్బును దూర్చితే వెలుగు పుట్టే చోటు మారి, కత్తిరింపు గీత చెదరిపోయి కాంతి పైకి ఎగజిమ్ముతుంది. అది చూసి కొనుగోలుదారు వెలుగు పెరిగిందని సంతోషించవచ్చు. ఆ వెలుగు పోయేది ఎదుటివారి కళ్లలోకి.

కేంద్ర మోటారు వాహనాల నియమావళి, 1989లోని 106వ నియమం ముందు దీపాల కాంతి కిందికి వంగి ఉండాలని స్పష్టం చేస్తోంది. దీపానికి 8 మీటర్ల ముందు, కుడివైపు అర మీటరు దూరంలో, ఒకటిన్నర మీటరు ఎత్తున ఉన్న కంటికి మిరుమిట్లు గొలపరాదు. 111వ నియమం స్పాట్ లైట్లు, సెర్చ్ లైట్లను రిజిస్ట్రేషన్ అధికారి ముందస్తు అనుమతి లేనిదే నిషేధిస్తోంది. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ఉత్పత్తిదారు నిర్దేశాలకు విరుద్ధమైన మార్పులను అనుమతించదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు సైతం ఈ సెక్షన్‌ను కచ్చితంగా పాటించాలని తీర్పునిచ్చింది. అదే సంవత్సరపు సవరణతో చేరిన 182ఎ సెక్షన్ ప్రకారం, అనుమతి లేని ఒక్కొక్క మార్పునకు యజమానికి 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు శిక్ష, లేదా రెండూ విధించవచ్చు.

అమరిక పూర్తయిన తరువాత దీపాల వాలును సరిచూడటం తప్పనిసరి. సమతలంపై కారును గోడకు 10 మీటర్ల దూరంలో నిలిపి దీపాలు వెలిగించినప్పుడు, గోడపై వెలుగు పైగీత దీపం మధ్యబిందువు కంటే సుమారు 20 సెంటీమీటర్ల దిగువన పడాలి. వెనుక సీటులో మనుషులు, డిక్కీలో సామాను ఉంటే కారు ముందుభాగం లేస్తుంది కనుక, ఆ బరువుతోనూ ఒకసారి చూడటం మంచిది. రోడ్డుపై తనిఖీ చేసే సిబ్బందికి కూడా ఎనిమిది మీటర్ల దూరంలో నిలబడి చూడటం సులువైన పరీక్ష. మంచు విడిపోయిన తరువాత ఈ దీపాలను ఆర్పివేయవలసి ఉంటుంది.