జోడు కుదిరితేనే పెళ్లి సాగేది!

పెళ్లంటే ఊరందరికీ పండగే. ఓ పాతికమందికి మాత్రం డ్యూటీ! గుమ్మం దగ్గర పన్నీరు చల్లే అమ్మాయిలు, బఫే బల్లల వెనక వడ్డించే కుర్రాళ్లు, మండపం చుట్టూ ప్రదక్షిణలు చేసే ఫొటోగ్రాఫర్లు, ఫోను చెవికి ఆనించుకుని ఇటూ అటూ పరుగులు తీసే ఈవెంట్ మేనేజర్లు... అతిథులు వస్తారు, కూర్చుంటారు, భోంచేసి వెళ్లిపోతారు. వీళ్లకు ఆ కూర్చునే భాగ్యం ఉండదు. మధ్యాహ్నం మూడింటికి నిలబడితే మళ్లీ నడుం వాల్చేది అర్ధరాత్రి దాటాకే. ముహూర్తం తెల్లవారుజామునైతే ఇక చెప్పక్కర్లేదు.

మా అక్క కూతురు డిగ్రీ చదువుతోంది. హాస్టల్ ఖర్చులకు పనికొస్తాయని ఓ మాఘమాసంలో స్వాగతం పలికే పనికి ఒప్పుకుంది. పట్టుచీర వాళ్లే ఇచ్చారు. చెప్పులూ వాళ్లే ఇచ్చారు... మూడంగుళాల హీల్స్, అందరికీ ఒకే అట్టపెట్టెలోంచి. దాని సైజు ఆరు. చేతికందింది అయిదు. 'ఒక్క నంబరేగా, సర్దుకో' అన్నారట. మూడో పెళ్లికి బొటనవేలి గోరు నల్లబడింది, కొన్నివారాలకు ఊడొచ్చింది. మిగతా ముహూర్తాలన్నీ వదులుకోవాల్సి వచ్చింది. సంపాదించిన దాంట్లో సగం మందులకే పోయింది.

ఒక్క నంబరే... కానీ మన దుకాణాల్లో ఎక్కువగా కనిపించే బ్రిటిష్ కొలతలో నంబరుకీ నంబరుకీ మధ్య తేడా అంగుళంలో మూడో వంతు. అంటే దాదాపు ఎనిమిదిన్నర మిల్లీమీటర్లు. అంత చోటు తగ్గితే, పైగా ఎత్తు మడమల వల్ల ఒంటి బరువంతా ముందుకు జారితే, నలిగేది వేళ్లే కదా!

సాయంత్రం వెళ్లండి
మరుసటి ఏడాది మళ్లీ పని ఒప్పుకుంటానంది. ఈసారి చెప్పులు మనమే కొందామని నేనూ వెంట వెళ్లాను. పొద్దున్నే కాదు, సాయంత్రం ఆరు దాటాక. రోజంతా తిరిగేసరికి పాదాలు కాస్త ఉబ్బుతాయి. ఉదయం తాజాగా ఉన్న కాలికి సరిపోయిన జోడు రాత్రి విందు వేళకు బిగుసుకుపోతుంది. రాత్రి పనికి తొడుక్కునేదాన్ని రాత్రి కాలితోనే కొలవాలి. పనిలో వేసుకునే సాక్సులే వేసుకుని వెళ్లాలి. రెండు కాళ్లూ అచ్చంగా ఒకేలా ఉండవు కాబట్టి పెద్ద కాలికి సరిపోయిందే తీసుకోవాలి.

ఇంకో చిట్కా. ఇంట్లో తెల్లకాగితం మీద నిలబడి పాదం చుట్టూ పెన్సిలుతో గీత గీసుకోండి. కత్తిరించి జేబులో వేసుకు వెళ్లి, నచ్చిన బూటు అడుగు కింద పెట్టి చూడండి. కాగితం పక్కలకు బయటికొచ్చిందా? ఆ బూటు ఎంత అందంగా ఉన్నా మీది కాదు. వేళ్ల ముందు బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి. నిలబడి చూడాలి, కూర్చుని కాదు.

పొడవు సరిపోయినా పక్కల బిగుతుగా ఉండటం మనలో చాలామందికి అనుభవమే. తప్పు మన కాళ్లది కాదు. చెన్నైలోని కేంద్ర తోలు పరిశోధన సంస్థ 2021 డిసెంబరు నుంచి 2022 మార్చి దాకా దేశమంతటా లక్షమందికి పైగా పాదాలను కొలిచింది. భారతీయుల పాదాలు ఐరోపా, అమెరికావాళ్ల పాదాల కంటే వెడల్పని తేలింది. మనవాళ్లు వెడల్పు కోసం ఒక నంబరు పెద్దది కొనుక్కుని, లోపల కాలు జారుతుంటే లేసులు బిగించి తంటాలు పడుతున్నారన్నమాట. అందుకే మన కాళ్లకోసం 'భ' అనే కొత్త కొలతలను ప్రతిపాదించారు. భారత్‌లోని భ!

పైన మెరుపు... కింద పట్టు
క్యాటరింగ్ కుర్రాళ్లకు నల్లప్యాంటు, తెల్లచొక్కా, నల్లబూట్లు అనేది దాదాపు అన్నిచోట్లా నియమం. నలుపైతే చాలు కదా అని ఫుట్‌పాత్ మీద దొరికే చవకరకం కొనేస్తారు. అడుగు గట్టి ప్లాస్టిక్కు. వంటశాలలో నీళ్లు, నూనె, సాంబారు మరకలు... అక్కణ్నుంచి నున్నటి గ్రానైట్ హాల్లోకి. చేతిలో వేడివేడి పాయసం గిన్నె. జారితే ఏమవుతుందో ఊహించుకోండి. తోలు అడుగు బూట్లు చూడటానికి దర్జాగా ఉంటాయిగానీ పాలరాయి మీద అవీ జారతాయి. గాడులున్న మెత్తని రబ్బరు అడుగే మేలు. హోటళ్లు, ఆసుపత్రుల సిబ్బంది కోసం జారని అడుగుతో నల్లబూట్లు ప్రత్యేకంగా తయారవుతాయి. స్పోర్ట్స్ షూలా కనిపించవు, నడిస్తే మాత్రం అంత హాయిగా ఉంటాయి.

కొనేముందు బూటును రెండు చేతులతో వంచి చూడండి. వేళ్ల మొదళ్ల దగ్గర వంగాలి. సరిగ్గా మధ్యలో అట్టలా మడతపడిందంటే అరికాలికి ఆసరా లేనట్టే. మడమ వెనక భాగం నొక్కితే అణగకూడదు. లేసుల దగ్గర రెండు రెక్కలూ విడిగా తెరుచుకునే రకమైతే పాదం ఉబ్బినప్పుడు కాస్త వదులు చేసుకోవచ్చు.

చూపు సంగతంటారా? ఎదుటివాళ్లు చూసేది బూటు పైభాగాన్నే. సాదా నలుపు, కుట్లు బకిల్స్ హంగులేమీ లేనిది, ముందురోజు రాత్రి పాలిష్ పెట్టింది... అంతే. అయిదువేల బూటు దుమ్ముకొట్టుకుని ఉన్నదానికంటే పన్నెండువందల బూటు మెరుస్తున్నదే మర్యాదగా కనిపిస్తుంది.

అమ్మాయిల విషయంలో నాకో సందేహం. పట్టుచీర కుచ్చిళ్లు నేలదాకా ఉంటే కింద హీల్స్ ఉన్నాయో లేవో చూసేదెవరు? ఎత్తు కనిపించాలంటే ముందూ వెనకా కలిసి ఉండే అంగుళం, అంగుళంన్నర మడమ చాలు. సూదిమడమ కాకుండా వెడల్పుది. అలాగని పల్చటి ఫ్లాట్ చెప్పులూ మంచివి కావు. రోజంతా వాటిమీద నిలబడితే తెల్లారి మంచం దిగగానే మడమలో ముల్లు గుచ్చినట్టుంటుంది.

ఈ హీల్స్ గొడవ మనదొక్కటే కాదు. 2015లో లండన్‌లో ఓ రిసెప్షనిస్టును ఎత్తు చెప్పులు వేసుకురాలేదని ఇంటికి పంపేశారు. ఆమె పెట్టిన అర్జీ మీద లక్షన్నరమందికి పైగా సంతకాలు చేస్తే 2017లో బ్రిటన్ పార్లమెంటు చర్చించింది. కేరళలో బట్టల దుకాణాల్లో పనిచేసే మహిళలు కూర్చునే హక్కు కోసమే పోరాడి 2018లో సాధించుకున్నారు. 2021లో తమిళనాడూ అదే దారి పట్టింది. ఆ చట్టాలు దుకాణాలవాళ్ల కోసం. పెళ్లిలో అయితే ఆ పని మనమే చేయొచ్చు. గుమ్మం పక్కన తెర వెనక రెండు ప్లాస్టిక్ కుర్చీలు వేయించడం, 'హీల్స్ అక్కర్లేదు' అని ఈవెంట్‌వాళ్లకు ముందే చెప్పడం... ఇందులో ఖర్చేముంది?

మండపం ఎక్కాలంటే
మన పెళ్లిళ్లలో ఇంకో చిక్కుంది. మండపం మీదికి బూట్లతో ఎక్కకూడదు. ఫొటోగ్రాఫరు జీలకర్రా బెల్లానికి ఎక్కుతాడు, దిగుతాడు. మంగళసూత్రానికి ఎక్కుతాడు, దిగుతాడు. ప్రతిసారీ లేసులు విప్పుతూ కూర్చుంటే తలంబ్రాలు అయిపోతాయి! వీళ్లకు పక్కల ఎలాస్టిక్ ఉండి చటుక్కున జారేవే నయం. చిరుగుల్లేని సాక్సులు తప్పనిసరి, ఎందుకంటే అవి వీడియోలో పడతాయి. ఉత్త నూలు సాక్సులు చెమటకు తడిసి తడిగానే ఉండిపోతాయి. తడి కాలికే బొబ్బలు తొందరగా వస్తాయి. సంచిలో రెండో జత పెట్టుకుని భోజనాల వేళ మార్చుకుంటే ప్రాణం లేచొస్తుంది. అన్నట్టు, 1994లో ఓ హిందీ సినిమా పుణ్యమాని పెళ్లికొడుకు బూట్లు దాచే సరదా మనకూ బాగా అలవాటైంది. పెళ్లికొడుకు బూట్లయితే డబ్బిచ్చి విడిపిస్తారు. ఆ సందడిలో ఫొటోగ్రాఫరు బూట్లు పోతే అడిగేవాళ్లుండరు, అవీ సంచిలోనే పెట్టుకోవడం క్షేమం!

కొత్త జోడును నేరుగా పెళ్లికి తొడుక్కెళ్లొద్దు. వారంరోజులు ఇంట్లో గంటా రెండుగంటలు వేసుకుని తిరగాలి. అలాగని ఏళ్ల తరబడి అటక మీద దాచినవాటినీ నమ్మొద్దు. పాలీయురేథేన్ అడుగు గాలిలోని తేమకు లోలోపలే చివికిపోతుంది. పైకి కొత్తగానే ఉంటుంది, నాలుగడుగులు వేయగానే రొట్టెముక్కలా పొడిపొడిగా రాలుతుంది. సముద్రతీరపు ఊళ్లలో ఇది మరీ ఎక్కువ. మా బంధువొకాయన రిసెప్షన్ హాల్లో నల్లటి ముక్కలు రాల్చుకుంటూ నడవడం నేను కళ్లారా చూశాను.

సుగరుంటే వేరే లెక్క
వంటమాస్టర్లు, పెద్దవయసు సూపర్‌వైజర్లు చాలామందికి సుగరుంటుంది. దీర్ఘకాలం అదుపులో లేకపోతే పాదాల్లో స్పర్శ తగ్గుతుంది. చెప్పు కరిచినా తెలియదు. మామూలువాళ్లకు నాలుగురోజుల్లో మానే బొబ్బ వాళ్లకు పుండై, చీముపట్టి, ఒక్కోసారి వేలు తీసేయాల్సిన పరిస్థితి వస్తుంది. వీళ్లు తొడుక్కునేముందు బూటు లోపల చేయిపెట్టి చూసుకోవాలి. చిన్న రాయి, ఊడిన మేకు, మడతపడిన అట్ట ఏదైనా కావచ్చు. పని అయ్యాక అరికాళ్లను వెలుతురులో చూసుకోవాలి. వంగలేకపోతే కింద అద్దం పెట్టుకునైనా.

ఇంటికొచ్చాక వేడినీళ్లలో ఉప్పేసి కాళ్లు పెట్టుకోవడం అందరికీ హాయే. సుగరున్నవాళ్లు మాత్రం వేడినీళ్ల జోలికి పోకూడదు. వేడి తెలియక కాళ్లు కాల్చుకున్నవాళ్లున్నారు. వీళ్లు గోరువెచ్చని నీళ్లతో కడుక్కుని, వేళ్ల సందులు పొడిగా తుడుచుకుని, కాళ్ల కింద దిండు పెట్టుకుని పడుకుంటే చాలు.