భవన శిల్పుల పటములలో నేతకు చోటు

నేతపనివారి పత్రికలో ఇండ్లు కట్టువారి ప్రసక్తి యేమిటని కొందరు పాఠకులు అడుగవచ్చును. అడుగుటకు ముందు వారు ఒక లెక్క చూడవలెనని మా కోరిక. 2023 మే 28 న ఢిల్లీలో ప్రారంభమైన నూతన పార్లమెంటు భవనమున లోక్‌సభ, రాజ్యసభ మందిరముల నేలపై పరచిన తివాచీలు మొత్తము 35,000 చదరపు అడుగులు. చదరపు అంగుళమునకు 120 ముడులు. అడుగునకు 144 చదరపు అంగుళములు గనుక, హెచ్చించి చూచినచో ముడులు 60 కోట్లు దాటుచున్నవి. ఇవి అన్నియు చేతితో వేసినవే. ఉత్తరప్రదేశ్‌లోని భదోహీ, మీర్జాపూరు జిల్లాల నేతగాండ్రు 900 మంది, పది లక్షల పని గంటలు వెచ్చించి వీనిని ముగించిరి. అనగా ఒక మనిషి నిమిషమునకు పది ముడుల చొప్పున వేసినట్లు. కూర్చున్నది మొదలు లేచువరకు ఆ వేగము తప్పకుండ సాగవలెను. మగ్గము తెలిసినవారికి దీని బరువు వేరుగ చెప్పనక్కరలేదు.

ఈ భవనమునకు పటములు గీచినది అహమ్మదాబాదులోని హెచ్.సి.పి. అను భవన శిల్ప సంస్థ. హస్ముఖ్ పటేల్ గారు 1960 లో దీనిని ప్రారంభించిరి. వారి కుమారులు బిమల్ పటేల్ గారు గీచిన ఆంట్రప్రెన్యూర్‌షిప్ డెవలప్‌మెంట్ ఇన్‌స్టిట్యూట్ భవనములకు 1992 లో ఆగాఖాన్ బహుమానము వచ్చినది. వీరికి 2019 లో పద్మశ్రీ లభించినది. సబర్మతీ నదీతీరము, కాశీ విశ్వనాథ ధామము, ఢిల్లీలోని కర్తవ్య పథము వీరి కార్యాలయము నుండి వెలువడిన పనులే. వీనిలో మంచి చెడ్డలను గూర్చి దేశమున చాల వాదోపవాదములు జరిగినవి. ఆ వాదములోనికి మేము దిగబోము. మాకు కావలసినది ఒక్కటే: ఇంతటి పటము గీయునపుడు, నేతగానిని ఏ నాడు పిలిచిరి?

తేదీలు చూడుడు. 2019 అక్టోబరులో సెంట్రల్ విస్టా పని హెచ్.సి.పి. కి దక్కినది. 2020 డిసెంబరు 10 న పార్లమెంటు భవనమునకు శంకుస్థాపన జరిగినది. తివాచీల ఆర్డరు మీర్జాపూరులోని ఓబీటీ కంపెనీకి అందినదియు ఆ 2020 లోనే. నేత 2021 సెప్టెంబరులో మొదలై 2022 మే నాటికి ముగిసినది. 2022 నవంబరులో పరచుట ప్రారంభించిరి. గోడలు లేవకమునుపే నేల మీద పరచవలసిన దానికి మనిషిని కుదుర్చుకొనిరన్నమాట. పరచుటకు ఆరు నెలలు మిగిలినవి. నాగపూరు టేకు, సర్మథురా ఎఱ్ఱరాయి, ఉదయపూరు పచ్చరాయి, త్రిపుర వెదురు నేల, ఇన్ని దిక్కుల సరకు ఆ భవనమునకు వచ్చినది. రాయి ఒక అంగుళము హెచ్చయినచో చెక్కవచ్చును. నేసిన తివాచిని చెక్కుటకు వీలులేదు.

అందులోను ఆ మందిరములు చతురస్రములు కావు. ఆసనములు అర్ధచంద్రాకారముగ తీరియున్నవి. లోక్‌సభలో 888, రాజ్యసభలో 384. తివాచియు ఆ వంపును అనుసరింపవలెను. 17,500 అడుగుల తివాచిని ఒక్క మగ్గము మీద నేయుట అసాధ్యము గనుక, ఒక్కొక్క సభకు 158 తివాచీలుగ విడివిడిగ నేసి, పిమ్మట అతుకు కనబడకుండ కుట్టి ఒకటి చేసిరి. సగటున ఒక్కొక్కటి 110 చదరపు అడుగులు. లోక్‌సభ తివాచిలో నెమలి, రాజ్యసభ తివాచిలో తామర. నెమలి ఈక ఒక తివాచిలో మొదలై ప్రక్క తివాచిలో ముగియునప్పుడు, రెండు మగ్గముల మీద ఇద్దరు మనుష్యుల చేతుల బిగువు ఒకటిగ ఉండవలెను. రంగు ఒకటిగ ఉండవలెను. ఇది చీరలో అంచు, కొంగు కలుపువారికి తెలిసిన బాధయే, కాని 158 మార్లు.

ముడి తివాచి ఎట్లు నేయుదురో మన వారిలో అందరు ఎరుగరు గనుక రెండు మాటలు చెప్పెదము. పడుగు నిలువుగ కట్టియుండును. ఒక్కొక్క జత పడుగు పోగులకు ఊలు పోగును చుట్టి ముడివేసి కత్తితో కోయుదురు. వరుస నిండిన పిమ్మట పేక వేసి, పంజా అను ఇనుప దువ్వెనతో దిగగొట్టుదురు. నేతగాని యెదుట నక్షా వ్రేలాడుచుండును. అది గళ్ల కాగితము. ఒక గడి యనగా ఒక ముడి, గడిలోని రంగే ముడి రంగు. భవన శిల్పి పటమును కొలతలతో గీచిన కాగితమే. నేతగాని నక్షాయు కొలతలతో గీచిన కాగితమే. ఒక కాగితము నుండి మరియొక కాగితమునకు లెక్క సరిగ దిగినది గనుకనే ఆ పని కుదిరినది. ఇరువురును ముందుగ కూర్చుండి మాటలాడుకొననిచో ఆ లెక్క దిగదు.

ఇంత దృఢముగ చెప్పుటకు మాకు మా అనుభవమే కారణము. కొన్ని యేండ్ల క్రిందట ఒక నగరమునుండి ఇంటీరియరు డిజైను కార్యాలయము వారు మా సంఘమునకు తెరల గుడ్డ ఆర్డరు ఇచ్చిరి. నీలిరంగు, 380 మీటర్లు. భవనము పూర్తియై, రంగులు వేసి, దీపములు బిగించిన పిమ్మట వారికి మేము గుర్తు వచ్చితిమి. గడువు 40 రోజులు. వారి పటములో తెర పన్నా 54 అంగుళములు. మా మగ్గములు 48 అంగుళములవి. ఉత్తర ప్రత్యుత్తరములలోనే పది రోజులు గడచినవి. తుదకు 48 కే ఒప్పుకొనిరి. తొందరలో నూలును మూడు కాగులలో మూడు దినములు అద్దించితిమి. విడివిడిగ చూచినపుడు మూడును నీలియే. హాలులో ఒకదాని ప్రక్క ఒకటి వ్రేలాడదీయగ మూడు నీలములు కనబడినవి. 90 మీటర్లు తిరిగి వచ్చినవి. మిగిలినవానిని ఉతికించగ తొమ్మిది అడుగుల తెర నాలుగు అంగుళములకు పైగ కుదించుకొని నేలను వదలి పైకి లేచినది. నూలు గుడ్డ నూటికి నాలుగు, అయిదు కుదియునని వారు ఎరుగరు. గుడ్డను ముందే తడిపి ఆరవేసి పంపవలెనని మాకు తోచలేదు. తప్పు చెరి సగము. కాని డబ్బు ఏడు నెలలు ఆగినది మాకే. ఆ మధ్యకాలమున కూలి చెల్లించుటకు మేము పడిన ఇక్కట్లు సభ్యులు మరచియుండరు.

అయిదారు నెలలు ముందుగ పిలిచియున్నచో ఏమి జరిగెడిది? ఒకే కాగులో ఒకే లాటు రంగు అద్దించెడివారము. తెరల మడతల లెక్కను 48 కి సరిపెట్టి పటము గీయుమని చెప్పెడివారము. అది వారికి ఒక పూట పని.

54 అంగుళముల మగ్గము పెట్టుకొనరాదా యని యువకులు కొందరు మమ్ము అడిగిరి. న్యాయమైన ప్రశ్నయే. 48 అంగుళముల పన్నా మగ్గమునకు ఇరుప్రక్కల నాడె పెట్టెలతో కలిపి దాదాపు ఏడడుగులు కావలెను. మనిషి తిరుగుటకు సందు విడువగ ఎనిమిది అడుగుల గది నిండిపోవును. అంతకు పెద్ద మగ్గము మన వారి ఇండ్లలో ఎచ్చట పట్టును? గుడ్డ పన్నాను నిర్ణయించునది ఇంటి గోడ. పట్టణములలో అద్దె ఇండ్లలో నేయువారి సంగతి చెప్పనే అక్కరలేదు. అచ్చట గుంట త్రవ్వుటకు యజమాని ఒప్పుకొనడు. కావున భవన శిల్పులతో మనకు గల సంబంధము గుడ్డ అమ్ముటతో తీరునది కాదు. మన ఇండ్లను ఎవరు గీయుచున్నారనునది గూడ చూడవలెను. షోలాపూరులో 2024 జనవరి 19 న రాయనగరులో 15,000 ఇండ్లు ప్రధానమంత్రి చేతుల మీదుగ కార్మికులకు అంకితము చేయబడినవి. చేనేత, మరమగ్గముల కార్మికులు, బీడీ కార్మికులు అందులో ఉన్నారు. షోలాపూరులో ఈ వృత్తులలో మన తెలుగువారు ఎందరో మనకు తెలియనిది కాదు. తల దాచుకొనుటకు సొంత గూడు దొరకుట గొప్ప సంగతి, మేము సంతోషించుచున్నాము. ఇక ముందు ఇట్టి కాలనీలకు పటములు గీయునపుడు మగ్గపు గది యను మాట మొదటి కాగితము మీదనే పడునట్లు సంఘములు అడుగవలెను. ఇల్లు కట్టిన తరువాత అడిగినచో వసారాయే గతి.

హెచ్.సి.పి. వారి ఇతర పనులలో రెండింటిని గూర్చి మన వారు తెలిసికొనవలెను. మొదటిది కాశీ. 2021 డిసెంబరు 13 న ప్రారంభమైన విశ్వనాథ ధామము మన యాత్రికులందరు చూచినదే. పూర్వము 3,000 చదరపు అడుగులుగా ఉన్న ఆవరణ ఇప్పుడు దాదాపు 5 లక్షల అడుగులైనది. యాత్రికుల వసతులు, భోజనశాల, మ్యూజియము మొదలగు 23 భవనములు అందులో ప్రారంభించిరి. తివాచి ఒకసారి పరచినచో కొన్ని దశాబ్దములు నిలుచును. వసతిగృహములలో దుప్పట్లు, తువ్వాళ్లు, తెరలు ఏటేట మారవలసినవే. పార్లమెంటు తివాచి పేరు తెచ్చును. ఇట్టి వసతిగృహము కూడు పెట్టును. షోలాపూరు చద్దరు, తువ్వాలు నేయువారు ఈ భేదమును గమనింపవలెను.

రెండవది సబర్మతీ ఆశ్రమము. 2024 మార్చి 12 న 1,200 కోట్ల రూపాయల పునర్నిర్మాణ ప్రణాళికను వెల్లడించిరి. ఒకప్పటి 63 కట్టడములలో మిగిలిన 36 లో 20 ని సంరక్షించుట, 13 ని పునరుద్ధరించుట, 3 టిని తిరిగి కట్టుట అందులోని పని. చార్లెస్ కొరియా గారు గీచిన సంగ్రహాలయము 1963 నుండి అచ్చటనే యున్నది. మనకు ముఖ్యమైన సంగతి మరియొకటి కలదు. 1915 లో కోచ్రబ్‌లో ఆశ్రమము పెట్టినపుడు గాంధీగారు మొదట తెచ్చినది రాట్నము కాదు, మగ్గము. నేత నేర్పువాడు దొరకక అవస్థపడి, తుదకు పాలన్‌పూరు నుండి ఒక నేతగానిని రప్పించిరి. మగన్‌లాల్ గాంధీ గారు ఆయన వద్ద పని పట్టుకొనిరి. రాట్నము తరువాత వచ్చినది. దేశమంతయు రాట్నపు బొమ్మను గుర్తుంచుకొని మగ్గమును మరచినది. పునరుద్ధరించు గదులలో ఒకదానియందు ఆడుచున్న మగ్గము, దానిమీద కూలి పొందు నేతగాడు ఉండవలెనని మా అభిప్రాయము. అద్దపు పెట్టెలో పెట్టిన మగ్గము మాకు సమ్మతము కాదు.

ఇక ఒక చిన్న ఫిర్యాదు. పార్లమెంటు తివాచీలను గూర్చి మేము చదివిన వార్తలలో శిల్పి పేరు ఉన్నది, కంట్రాక్టరు పేరు ఉన్నది, కంపెనీ పేరు ఉన్నది. 900 మందిలో ఒక్క నేతగాని పేరైనను మా కంట పడలేదు.

భవన శిల్పులను, గృహాలంకరణ వస్త్రములు కొనువారిని ఒక్కచోట కలిసికొనుటకు నేడు అవకాశములు లేకపోలేదు. ఢిల్లీలో భారత్ టెక్స్ ప్రదర్శనము 2024 ఫిబ్రవరి 26 నుండి 29 వరకు, మరల 2025 ఫిబ్రవరి 14 నుండి 17 వరకు జరిగినది. కరూరు వారు తెరలు, పరుపు గుడ్డలతో విదేశముల దాక పోవుచున్నారు. భవానీ జంపఖానాలకు, 2018 లో వరంగల్ జంపఖానాలకు భౌగోళిక గుర్తింపు వచ్చినది. ఏలూరు తివాచికి పేరు ఏనాటినుండియో యున్నది. మన వారు ప్రదర్శనమునకు పోవునపుడు చీరల మూట ఒక్కటే తీసికొనిపోవుచున్నారు. శిల్పికి చీర అక్కరలేదు. అతనికి కావలసినది మూరెడు నమూనా గుడ్డ, దానితోపాటు కొలతలు వ్రాసిన కాగితము.

ఆ కాగితమును సిద్ధపరచుటకు సంఘము పూనుకొన్నది. ఇతర రాష్ట్రములలోని శాఖల సభ్యులు తమ తమ మగ్గముల పన్నా, నూలు నంబరు, ఒక లాటులో ఎన్ని మీటర్లు ఒకే రంగు ఇవ్వగలరో, ఉతికిన పిమ్మట ఎంత కుదియునో వ్రాసి, ఉతకనిది ఒకటి ఉతికినది ఒకటి చొప్పున మూరెడు గుడ్డలు రెండు జతపరచి కార్యదర్శికి పంపవలెను. నేసినవారి పేరు గుడ్డ మూలన తప్పక కుట్టి పంపుడు. పేరు లేని నమూనాలు చేర్చుకొనబడవు.