దృశ్యనవలలందు పదగణనము

దృశ్యనవల యనునది చదువదగిన కథ. ఆడదగిన ఆట కూడను. తెరపై బొమ్మ నిలిచియుండగా పాత్రల సంభాషణము ఒక్కొక్క వాక్యముగా వెలువడును. పాఠకుడు ఎంచుకొన్న త్రోవను బట్టి కథ నడుమ నడుమ చీలును. జపాను దేశమున పెంపొందిన ఈ ప్రక్రియకు రెన్‌పై అను ఉచిత సాధనము 2004లో వెలువడినది. దాని నిర్మాత టామ్ రోథామెల్. రచయిత కథను సాధారణ పాఠ్యపత్రములందే వ్రాసికొనును. కాని ఆ పత్రములందు పాత్రల మాటలతోబాటు బొమ్మను మార్చు ఆజ్ఞలు, సంగీతము నారంభించు ఆజ్ఞలు కూడ కలిసియుండును. పత్రమునంతయు లెక్కించిన వచ్చు సంఖ్య కథ పరిమాణము కానేరదు. ఆజ్ఞలను విడిచి మాటలను మాత్రమే లెక్కించు సాధనము కావలసివచ్చినది. రెన్‌పైలోనే లింట్ అను పరీక్ష కలదు. అది తప్పులను చూపుటయే కాక సంభాషణఖండము లెన్ని, వానియందు పదము లెన్ని, సంకేతము లెన్ని అను వివరము నొసగును.

ఈ సంఖ్య వట్టి కుతూహలమునకు కాదు. అనువాదకునకు పదమునకింత యని ప్రతిఫలము కట్టుటకును, సంభాషణముల కంఠధ్వనిని ముద్రించుటకు పట్టు కాలమును అంచనా వేయుటకును ఇదియే ఆధారము.

బహుభాషానగరములందు దీని చిక్కు స్పష్టముగా కానవచ్చును. 1907లో స్థాపితమైన టాటా ఉక్కు సంస్థ కర్మాగారము చుట్టును పెరిగి, 1919లో ఆ పేరు పొందిన జంషెడ్‌పూరునందు హిందీ, వంగ, ఒడియా, సంతాలీ, హో భాషలతోపాటు అచ్చట స్థిరపడిన తెలుగువారి భాషయు వినబడును. అచ్చటి రచయిత యొకడు ఒకే కథను పలుభాషలందు సిద్ధము చేసెననుకొందము. హిందీలో 'మైఁ నహీఁ ఆ సకా' యనునది నాలుగు పదములు. తెలుగున 'రాలేకపోయాను' ఒక్క పదము.

పదమును గుర్తించుటకు రెండు మార్గములు కలవు. ఖాళీని బట్టి విడదీయుట యొకటి. లింట్ చేయునది ఇదే. అక్షరముల వరుసను పట్టుకొనుట రెండవది. సొంతముగా చిన్న సాధనములు కల్పించుకొనువారు దీని నాశ్రయించుట కలదు. పైథాన్ భాషతో వచ్చు అన్వేషణసూత్రము అక్షరములను, అంకెలను, అడుగుగీతను మాత్రమే పదభాగములుగా నంగీకరించును. గుణింతపు గుర్తులు, సున్న, పొల్లు యూనికోడ్ వర్గీకరణమున చిహ్నములే గాని అక్షరములు కావు. కావున 'తెలుగు' అను మాట త, ల, గ అని మూడు పదములగును! 'స్త్రీ'యు మూడే. 'వనజ' మాత్రము ఒక్కటిగా మిగులును. హిందీ, వంగ, ఒడియా భాషలకును ఇదే గతి. సంతాలీకి మాత్రము ఈ బాధ లేదు. 1925లో రఘునాథ్ ముర్ము రూపొందించిన ఓల్ చికి లిపిలో అచ్చులును హల్లులవలె విడి అక్షరములే, గుణింతము లేదు. క్రొత్త లిపియని దానిని చిన్నచూపు చూచువారు ఇది గమనింపదగును.

ఖాళీని బట్టి లెక్కించుటయు తెలుగునకు నిర్దోషము కాదు. 'వాడు వచ్చాడు అని చెప్పింది' అన్న నాలుగు పదములు. 'వాడొచ్చాడని చెప్పింది' అన్న రెండే. అర్థ మొక్కటే, ప్రతిఫలము మాత్రము సగము! పాత్రల నోట సహజమైన పలుకుబడి పలికించిన అనువాదకుడు నష్టపోవును. సంధులు విడదీసి బిగుసుగా వ్రాసినవాడు లాభపడును. మన తాళపత్రములందు పదముల నడుమ విడుపు లేదు. అచ్చుతోనే అది స్థిరపడినది. దానినే పదలక్షణముగా గొనుట ఉచితము కాదు. సంకేతములను లెక్కింతమన్న అదియు కుదురదు: 'స్త్రీ' ఒక్క అక్షరమైనను యూనికోడున ఆరు సంకేతములు.

పూర్వులకు వేరొక కొలత కలదు. 32 అక్షరములు ఒక గ్రంథము. గద్యకృతియైనను వ్రాతప్రతి పరిమాణమును ఈ లెక్కతోనే చెప్పెడివారు. లేఖకుల ప్రతిఫలమునకును అది ఆధారమయ్యెడిది. పై ఉదాహరణములను అక్షరములతో కొలిచిచూడవలెను. 'రాలేకపోయాను' ఆరు, దాని హిందీ వాక్యమును ఆరే. విడదీసిన తెలుగు వాక్యము పది, కలిపినది ఎనిమిది. సగమున్న తేడా అయిదవ వంతునకు తగ్గినది. సంభాషణమును బిగ్గరగా చదువుటకు పట్టు కాలమునకును పదసంఖ్యకన్న అక్షరసంఖ్యయే దగ్గర.

అక్షరమును యంత్రము గుర్తించుట మొన్నటిదాక కష్టమే. యూనికోడ్ విభజనసూత్రము పొల్లు కడ విరిచి 'స్త్రీ'ని మూడు ముక్కలు చేసెడిది. 2023లో వెలువడిన 15.1వ కూర్పు తెలుగు మొదలగు కొన్ని లిపులందు సంయుక్తాక్షరమును ఒక్కటిగా నుంచినది. రెన్‌పైలోను ఇట్టి లిపుల ఒత్తులను తెరపై సరిగా కూర్చు ఏర్పాటు ఆ సంవత్సరమే వచ్చినది. ఇంకను ఒక భేదము మిగిలియున్నది. పదాంతమందలి పొల్లుహల్లు ఛందస్సున ముందక్షరముతో కలియును. యంత్రసూత్రము దానిని వేరుగా లెక్కించును. 'షిఫ్ట్' ఛందస్సున ఒకటి, యంత్రమునకు రెండు. 'క్వార్టర్' రెండు, యంత్రమునకు మూడు. ఉక్కునగరపు కథలో ఇట్టి మాటలు అడుగడుగున వచ్చును గావున, గణనసాధనమును కూర్చువారు ఈ పొల్లుల విషయమున ఏదో యొక పద్ధతిని ముందే నిర్ణయించుకొని ఒప్పందమున వ్రాసికొనవలెను.