నొప్పి లేదని ఊరుకోకండి

వృషణాల క్యాన్సర్ ముసలితనంలో వచ్చే జబ్బని చాలామంది అనుకుంటారు. నిజానికి ఎక్కువగా 15 నుంచి 40 ఏళ్ల మధ్య మగవాళ్లకే వస్తుంది. హైదరాబాద్ మౌలాలి హౌసింగ్ బోర్డు కాలనీలో డిగ్రీ చదివే కుర్రాడూ, నాచారం, మల్లాపూర్ ఫ్యాక్టరీల్లో షిఫ్టులు చేసే యువకుడూ ఆ వయసువాళ్లే. మన దేశంలో ఏడాదికి లక్ష మంది మగవాళ్లలో ఒకరికి కూడా రాదు. అంత అరుదు కాబట్టే ఎవరికీ అనుమానం రాదు.

★ మొదటి గుర్తు చాలాసార్లు బీజంలో (వృషణంలో) బఠాణీ గింజంత గట్టి గడ్డ. నొప్పి ఉండదు కాబట్టి నెలల తరబడి వదిలేస్తారు. ఒక బీజం పెద్దదవడం, గట్టిపడటం, సంచి బరువెక్కడం, గజ్జల్లో లాగినట్టుండటం కూడా గుర్తులే. జబ్బు పాకితే నడుంనొప్పి, తగ్గని దగ్గు రావచ్చు.

★ అక్కడ వాపు కనిపిస్తే మన ఇళ్లలో మొదట వచ్చే మాట ‘వరిబీజం’. సంచిలో నీరు చేర్చే బోదకాలు జబ్బు బాగా ఉన్న ప్రాంతాలు మనవి, అలా అనుకోవడం సహజమే. కానీ క్యాన్సర్ గడ్డ చుట్టూ కూడా నీరు చేరవచ్చు. ఆ నీటి చాటున గడ్డ చేతికి తగలదు, అల్ట్రాసౌండ్ స్కానింగ్‌లో కనబడుతుంది. స్కానింగ్ కాకముందే సూదితో నీరు తీయించుకోవద్దు. గడ్డ ఉంటే డాక్టర్లు కూడా సంచికి సూది గుచ్చరు, గజ్జల దగ్గర కోసి బీజాన్ని తీసేస్తారు.

★ ఎడమ బీజం కాస్త కిందికి ఉండటం, వెనకవైపు మెత్తటి తాడులాంటిది తగలడం సహజమే. వేడినీళ్ల స్నానం తర్వాత అప్పుడప్పుడు తడిమి చూసుకుంటే మార్పు మీకే తెలుస్తుంది.

★ కొన్ని రకాల గడ్డలు గర్భిణుల్లో ఉండే హెచ్‌సీజీ హార్మోన్‌నే తయారుచేస్తాయి. అందుకే కొందరు మగవాళ్లలో రొమ్ములు ఉబ్బుతాయి. రక్తపరీక్షలో ఆ హార్మోన్‌ను కూడా చూస్తారు.

★ క్రికెట్ బంతి తగిలితే క్యాన్సర్ రాదు. దెబ్బ తగిలాక తడిమి చూసుకున్నప్పుడు ముందే ఉన్న గడ్డ బయటపడుతుంది, అంతే.

★ పుట్టిన ఆరు నెలలకు కూడా పిల్లాడి బీజం సంచిలోకి దిగకపోతే డాక్టరుకు చూపించాలి. సకాలంలో ఆపరేషన్ చేయిస్తే పెద్దయ్యాక ఈ క్యాన్సర్ ముప్పు తగ్గుతుంది.

★ 2011 ప్రపంచకప్ హీరో యువరాజ్ సింగ్‌కు ఊపిరితిత్తుల మధ్య వచ్చిన గడ్డ కూడా ఈ క్యాన్సర్ల కుటుంబానిదే. ఆయన 2012లో అమెరికాలో లారెన్స్ ఐన్‌హార్న్ దగ్గర చికిత్స పొందారు. ఒంట్లో పాకిన వృషణ క్యాన్సర్‌ను సిస్‌ప్లాటిన్ కలిపిన మందులతో నయం చేయవచ్చని 1974 నుంచి చూపిన డాక్టరు ఈ ఐన్‌హార్నే. అప్పటిదాకా అలాంటి రోగుల్లో బతికినవాళ్లు చాలా తక్కువ. ఇప్పుడు తొలిదశలో పట్టుకుంటే దాదాపు అందరూ కోలుకుంటారు.

★ ఒక బీజం తీసేసినా, రెండోది బాగుంటే సాధారణంగా పిల్లలు పుడతారు. అయినా కీమోకు ముందే వీర్యం నిల్వ చేయించుకోవడం మంచిది.

ఈఎస్ఐ కార్డున్నవారికి నాచారంలోనే ఆసుపత్రి ఉంది, రైల్వే ఉద్యోగులకు లాలాగూడ ఆసుపత్రి. క్యాన్సర్ అని తేలితే రెడ్‌హిల్స్‌లో ప్రభుత్వ ఎంఎన్‌జే ఆసుపత్రి ఉంది. గడ్డ తగిలితే సిగ్గుపడి దాచకండి తమ్ముళ్లూ, ఈ వారమే డాక్టరుకు చూపించండి.