పవర్ వీడర్ స్టార్ట్ అవ్వట్లేదా? తాడు లాగడం ఆపి, ముందు ప్లగ్గు చూడండి



వానలు వెలిసి నాలుగు రోజులు ఎండ కాసిందంటే మన కోనసీమ తోటల్లో గడ్డి మోకాలెత్తు లేచిపోతుంది. నెలన్నరగా పాకలో పడున్న పవర్ వీడర్‌ని అప్పుడు బయటికి తీస్తాం. తాడు ఇరవై సార్లు లాగుతాం, ముప్పై సార్లు లాగుతాం. చెయ్యి పడిపోతుంది గానీ ఇంజన్ అందుకోదు. మెకానిక్కుకి ఫోన్ చేస్తే "రెండ్రోజుల్లో వస్తానండి" అంటాడు. ఈలోగా పక్క తోట ఆయన వచ్చి "ఎందుకండీ ఈ బాధ, ఒక్క డబ్బా గడ్డి మందు కొట్టేయండి" అని సలహా ఇస్తాడు.

ప్రకృతి వ్యవసాయంలో అసలు పరీక్ష అక్కడే వస్తుంది. గడ్డి మందు వద్దనుకున్న మనకి వీడరూ బ్రష్ కట్టరే దిక్కు. కొబ్బరిలో అరటి, కోకో, కంద, పసుపు వేసుకున్న తోటలో ఒక్క వారం ఆలస్యమైతే గడ్డి పంటని మింగేస్తుంది. ఏళ్ల తరబడి జీవామృతం పోసి నిలబెట్టుకున్న నేలని ఒక మొండి ఇంజన్ కోసం పాడు చేసుకోకూడదు. అందుకే ఇంజన్ ఎందుకు అందుకోదో, ఏ వరసలో చూడాలో ఈ వీడియోలో చూపించాం. అదే ఇక్కడ రాస్తున్నాం.

ఇంజన్‌కి కావలసినవి మూడే

పెట్రోలు, నిప్పు, గాలి. ఈ మూడూ సరైన సమయానికి అందితే, లోపల ఒత్తిడి బాగుంటే ఇంజన్ అందుకోవాల్సిందే. వీడరైనా, పెట్రోలు పంపుసెట్టైనా, విదేశాల్లో పొలాలకి వాడే నాలుగు చక్రాల ఏటీవీ బండైనా సూత్రం ఒక్కటే. ఏది అందట్లేదో తెలుసుకోకుండా తాడు లాగితే తాడే తెగుతుంది.

తాడు లాగే ముందు

చిన్నవే గానీ చాలాసార్లు తప్పు ఇక్కడే దొరుకుతుంది.

- ఇంజన్ స్విచ్ ఆన్‌లో ఉందా? పెట్రోలు కాక్ తెరిచారా?
- గేరు న్యూట్రల్‌లో ఉందా? బ్లేడ్ల దగ్గర ఎవరూ లేరా?
- చల్లగా ఉన్న ఇంజన్‌కి చోక్ వేశారా? వేడిగా ఉన్న ఇంజన్‌కి చోక్ వేస్తే పెట్రోలు ఎక్కువై తడిసిపోతుంది.
- ఇంజన్ ఆయిల్ సరిపడా ఉందా? కొన్ని ఇంజన్లలో ఆయిల్ తగ్గితే నిప్పు దానంతటదే ఆగిపోయే ఏర్పాటు ఉంటుంది. బండి ఒరిగి ఉన్నా అంతే. చదునైన చోట నిలబెట్టి ఆయిల్ చూడండి.

ప్లగ్గు చెప్పే కబురు

అన్నీ సరిగ్గా ఉండి కూడా అందుకోకపోతే, చోక్ వేసి ఐదారు సార్లు లాగి, వెంటనే ప్లగ్గు విప్పి చూడండి.

ప్లగ్గు పొడిగా ఉంటే పెట్రోలు పైదాకా రావట్లేదు. తడిగా, పెట్రోలు వాసనతో ఉంటే పెట్రోలు వస్తోంది, కాకపోతే నిప్పు పడట్లేదు లేదా పెట్రోలు మరీ ఎక్కువైంది. ఈ ఒక్క గుర్తుతో సగం పని అయిపోయినట్టే.

పొడిగా ఉంటే

కార్బురేటర్ దగ్గర పైపు తీసి ఒక గాజు సీసాలోకి వదలండి. పెట్రోలు ధారగా రాకపోతే ట్యాంకు లోపలి జాలీ మూసుకుపోయిందేమో, మూత మీద ఉండే సన్నని గాలి రంధ్రంలో మట్టి చేరిందేమో చూడండి. బండి స్టార్ట్ అయి ఐదు నిమిషాలకే ఆగిపోతుంటే ఈ మూతని తప్పకుండా అనుమానించాలి.

ధారగా వస్తే ఆ సీసాని కాసేపు కదపకుండా ఉంచండి. అడుగున వేరే పొర తేలితే నీళ్లు కలిశాయన్నమాట. ఇప్పుడు బంకుల్లో పోసే పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. ఇథనాల్ నీటిని లాక్కుంటుంది. నీళ్లు ఎక్కువైతే రెండూ కలిసి అడుక్కి దిగిపోతాయి. మన తేమ గాలిలో సగం ఖాళీ ట్యాంకుతో నెలలు ఉంచితే ఇదే జరుగుతుంది. ఆ పెట్రోలు మొత్తం తీసేసి కొత్తది పోయాలి.

తర్వాత కార్బురేటర్ అడుగు గిన్నె విప్పండి. సాధారణంగా 10 నంబరు స్పానర్ పడుతుంది. పాత పెట్రోలు ఆవిరై జిగురులా మిగులుతుంది, అది జెట్ రంధ్రాన్ని మూసేస్తుంది. కరెంటు వైరులోంచి ఒక సన్నని రాగి పోగు తీసి దాంతో రంధ్రం తెరవండి. సూది పెట్టి పొడవకండి, రంధ్రం పెద్దదైతే బండి పెట్రోలు తాగేస్తుంది.

తడిగా ఉంటే

స్విచ్ ఆఫ్ చేసి, పెట్రోలు కాక్ కట్టేసి, ప్లగ్గు లేకుండానే ఐదారు సార్లు తాడు లాగండి. లోపల ఎక్కువైన పెట్రోలు బయటికి పోతుంది. ప్లగ్గుని ఆరబెట్టి, మసి ఉంటే ఇత్తడి బ్రష్షుతో తుడవండి. మొనల మధ్య సందు 0.7 నుంచి 0.8 మి.మీ. ఉండాలి.

నిప్పు చూడాలంటే ముందు ఒలికిన పెట్రోలు తుడిచేయండి. ప్లగ్గుకి టోపీ తొడిగి, దాని ఇనుప భాగాన్ని ఇంజన్ ఇనుముకి ఆనించండి. ప్లగ్గు రంధ్రానికి దూరంగా, రబ్బరు పిడి ఉన్న కటింగ్ ప్లేయర్‌తో పట్టుకోండి. స్విచ్ ఆన్ చేసి ఒకరు తాడు లాగితే నీలి నిప్పురవ్వ కనబడాలి. పక్కన బీడీ, చుట్ట వద్దు.

నిప్పు రాకపోతే ముందు కొత్త ప్లగ్గు వేసి చూడండి. అప్పటికీ రాకపోతే స్విచ్ నుంచి వచ్చే వైరు చూడండి. కొబ్బరి తోటల్లో ఎలుకలు కొరికిన వైర్లు మామూలే. సఖినేటిపల్లి, మలికిపురం, అంతర్వేది వైపు ఉప్పు గాలికి ప్లగ్గు టోపీ లోపల పచ్చగా చిలుం పడుతుంది. గరుకు కాగితంతో రుద్దితే సరిపోతుంది.

గాలి

ఎయిర్ ఫిల్టరు స్పాంజిదైతే సబ్బు నీళ్లతో కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, రెండు చుక్కలు ఇంజన్ ఆయిల్ పిండి పెట్టండి. కాగితం ఫిల్టరుని కడగకూడదు, తట్టి దులపాలి.

మెకానిక్కుని ఎప్పుడు పిలవాలి?

తాడు ఏ బిగువూ లేకుండా దారంలా వచ్చేస్తుంటే వాల్వుల్లోనో, పిస్టన్ రింగుల్లోనో లోపం ఉంటుంది. అసలు కదలకపోతే బలవంతంగా లాగొద్దు. ఈ రెండూ మెకానిక్ పనులు.

వరద నీట మునిగితే

2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటిన వరద మన లంకల్ని ముంచేసింది. అలాంటప్పుడు మునిగిన ఇంజన్‌ని తీసీ తీయగానే స్టార్ట్ చేయబోతే లోపల భాగాలు వంగిపోవచ్చు.

ముందు ప్లగ్గు విప్పండి. ఆయిల్ దించండి. అది మజ్జిగలా తెల్లగా ఉంటే నీళ్లు చేరినట్టే. ట్యాంకు, కార్బురేటర్ ఖాళీ చేసి, ప్లగ్గు రంధ్రం కిందకి వచ్చేలా బండిని వంచి, తాడు మెల్లగా లాగితే నీళ్లు బయటికి వస్తాయి. ఆ రంధ్రంలో ఒక చెంచా ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ లాగండి. ఫిల్టరు ఆరబెట్టి, కొత్త ఆయిల్, కొత్త పెట్రోలు పోసి పది నిమిషాలు నడిపి, ఆ ఆయిల్ కూడా మార్చేయండి. నీళ్లు తీసిన రోజే ఈ పని చెయ్యాలి. వారం ఆగితే తుప్పు పట్టేస్తుంది.

బ్రష్ కట్టర్ ఉన్నవాళ్లకి ఒక మాట

టూ స్ట్రోక్ అయితే పెట్రోల్లో 2టి ఆయిల్ కలపాల్సిందే. 25:1 అంటే లీటరుకి 40 మి.లీ., 50:1 అయితే 20 మి.లీ. మీ మిషన్ పుస్తకంలో ఏది రాసుంటే అదే పాటించండి. ఉత్త పెట్రోలు పోస్తే పిస్టన్ పట్టేస్తుంది.

మళ్లీ ఈ బాధ రాకుండా

ఆఖరి రోజు పని అయ్యాక పెట్రోలు కాక్ కట్టేసి, ఇంజన్‌ని దానంతటదే ఆగేదాకా నడవనివ్వండి. కార్బురేటర్ ఖాళీ అవుతుంది, జిగురు పట్టదు. నెల దాటి వాడకపోతే ట్యాంకు కూడా ఖాళీ చేసి పెట్టండి. బండిని నేల మీద కాకుండా చెక్కల మీద, గాలి ఆడే చోట ఉంచండి. ప్లాస్టిక్ పట్టా బిగించి కప్పితే లోపల చెమ్మ పడుతుంది, గోనె సంచి మేలు. పదిహేను రోజులకోసారి ఐదు నిమిషాలు నడిపినా మంచిదే. కాకపోతే మూసిన పాకలో నడపకండి, ఆ పొగ ప్రాణానికి ప్రమాదం.

ఇంత చూసినా మీ బండి అందుకోకపోతే కింద కామెంట్‌లో రాయండి. ఏ ఇంజన్, ఎన్నాళ్లుగా ఆగి ఉంది, అన్నిటికంటే ముఖ్యంగా ప్లగ్గు తడిగా ఉందా పొడిగా ఉందా అన్నది చెప్పండి. అది తెలిస్తేనే మేం ఏమైనా చెప్పగలం. ఉంటామండి.